రిటైరయ్యాక కట్టే ఇంట్లో చెక్కపని గది ఎక్కడ?

ఇల్లు కట్టుకునే పాఠకుల ప్రశ్నలకు ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు జవాబులు

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారం. మాది కావలి. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి, 62 నిండాక నిరుడు రిటైరయ్యాను. ఊరి చివర 30 అంకణాల స్థలం ఉంది. తూర్పు రోడ్డు. రోడ్డు వెంట 40 అడుగులు, లోపలికి 54 అడుగులు. అందులో మా ఇద్దరం ఉండటానికి ఇల్లు కట్టాలని ప్లాను గీయించాను. నాకు చెక్కపని అంటే ప్రాణం. ఉద్యోగం మొదట్లో కొన్నేళ్లు ఉదయగిరిలో ఉన్నాను. అక్కడ చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ల అరుగు మీద సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. ఆ తర్వాత పిల్లల చదువులు, బదిలీలు, ఉలి పట్టే తీరికే లేదు. ఇప్పుడు ఒక రంపం మిషను, చెక్కను తిప్పుతూ చెక్కే చిన్న లేత్ కొనుక్కుని మిగతా కాలం ఆ పనిలోనే గడపాలని ఉంది. ఆ గది ఎక్కడ కట్టాలన్నది తేలడం లేదు. మేస్త్రీ మేడ మీద రేకుల షెడ్డు వెయ్యమంటాడు, ఖర్చు తక్కువని. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పెరట్లో పడమటి ప్రహరీకి ఆనించి విడిగా కట్టమంటాడు. నాకేమో ఉత్తరం వైపు వస్తున్న మూడో బెడ్‌రూం వాడుకుంటే బాగుంటుందని ఉంది. కానీ మా ఆవిడకు ఆయాసం. కుట్టు మిషను ముందు కూర్చుంటే చాలు, ఆమెకు ఇంకేం అక్కర్లేదు. దుమ్ము ఇంట్లోకి వస్తే మాత్రం ఒప్పుకోనంటోంది. వాస్తు కూడా చూసి చెప్పండి. ప్లాను కాపీ జత చేశాను.
విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మేడ మీద వద్దు. పెరట్లో విడిగానూ వద్దు. మీ మనసులో ఉన్న మూడో బెడ్‌రూమే సరైన చోటు. అయితే ప్లానులో గీసినట్టు కాదు. దాని తలుపు హాల్లోకి కాకుండా బయటికి ఉండాలి. (నెల్లూరు వైపు లెక్క తెలియని పాఠకుల కోసం: అక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. మాస్టారి స్థలం 240 గజాలన్నమాట.)

మేడ మీద వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ పొరపాటు నేను చేశాను. నేను 2009లో, 58 ఏళ్లకు రిటైరయ్యాను. మరుసటి ఏడు ఒంగోల్లో ఇల్లు కట్టుకున్నాను. పాత రేడియోలు, గోడ గడియారాలు బాగు చెయ్యడం నాకు ఇష్టం. ఆ పని కోసం మేడ మీద ఒక గది వేయించాను. మెట్లు ఇరవై. అప్పుడు నాకు అదొక లెక్కే కాదు. పైన నిశ్శబ్దంగా ఉంటుంది, ఎవరూ కదిలించరు, విప్పిన స్క్రూలు విప్పినట్టే ఉంటాయి అనుకున్నాను. మొదటి నాలుగేళ్లు అలాగే సాగింది. నేను లెక్కపెట్టని సంగతి ఒకటుంది. పొద్దున పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని ఆ ఇరవై మెట్లూ ఎక్కేది. కింద నుంచి పిలిస్తే నాకు వినపడదు కాబట్టి భోజనానికి పిలవడానికి మూడోసారి ఎక్కేది. నా మోకాళ్ల కంటే ముందు ఆమె మోకాళ్లు పోయాయి. ఆమె ఎక్కడం మానేసిన తర్వాత గానీ ఆమె ఎన్నిసార్లు ఎక్కుతోందో నాకు తెలియలేదు.

2016 మే నెలలో, ఎండ 44 దాటిన ఒక మధ్యాహ్నం, పైన నాకు కళ్లు తిరిగాయి. కుర్చీలో అలాగే కూలబడ్డాను. కింద ఫ్యాను చప్పుడు, టీవీ. గంటసేపు నేను ఎలా ఉన్నానో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఏమీ కాలేదు, మజ్జిగ తాగి లేచాను. కానీ ఆ వారంలోనే గడియారాలన్నీ కిందికి దింపించాను. ఇప్పుడు వాటిని ముందు వరండా పక్క గదిలో చేసుకుంటున్నాను. మీకు రంపం మిషను ఉంటుంది మాస్టారూ. గడియారం దగ్గర కళ్లు తిరగడం వేరు, తిరిగే రంపం ముందు తిరగడం వేరు.

మేడ మీద వేసేది రేకుల షెడ్డు అయితే ఇంకా కష్టం. మన వేసవిలో పొద్దున తొమ్మిదికే రేకు కాలడం మొదలవుతుంది. కింద శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. పైనా కిందా వేడి మధ్య మీరు మార్చి నుంచి జూన్ దాకా నిలబడలేరు. దుంగలూ పలకలూ పైకి మోయించడం, పొట్టు కిందికి దించడం సరేసరి. మేస్త్రీ చెప్పిన ఖర్చు కట్టేటప్పటి ఖర్చు ఒక్కటే.

మీ అబ్బాయి చెప్పిన పెరటి షెడ్డులో మంచి ఉంది, కాదనను. దుమ్ము, చప్పుడు రెండూ ఇంటికి దూరం. కానీ అతను చెప్పిన చోటు పడమటి ప్రహరీ. సాయంత్రం ఎండంతా ఆ గోడ మీదే. మే, జూన్ నెలల్లో మన దగ్గర వీచేది పడమటి గాలి. ఒళ్లు కాల్చే వడగాలి అది. ఆ గాలి షెడ్డులో లేచిన ధూళిని తిన్నగా ఇంటి మీదికే తెస్తుంది. మీ ఆవిడ ఆయాసానికి దూరం పెట్టాలని కట్టిన షెడ్డే వేసవంతా ఆమె వైపు ఊదుతుంది. ఇంకో మాట. వానాకాలంలో ఇంటికీ షెడ్డుకీ మధ్య పెరడు పాకుడు పడుతుంది. డెబ్బై దాటిన మనిషి జారిపడితే అంత తేలిగ్గా లేవలేడు.

ఇక ఉత్తరం గది. కావలి దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. లెక్కల మాస్టారికి ఇది చెప్పడం నాకు సంతోషం. మే మొదటి రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మీ నడినెత్తి మీదికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నాలు కాస్త ఉత్తరానికి ఉంటాడు. మిగిలిన ఎనిమిది నెలల పైచిలుకు దక్షిణం వైపే. అంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరపు కిటికీలోంచి ఎండ రాదు. వెలుతురు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది. ఉలి పట్టేవాడికి అలాంటి వెలుతురే కావాలి. ఎండ సూటిగా పడితే పెన్సిల్ గీత కనపడదు, కళ్లు చెదురుతాయి. అరవై దాటిన కంటికి ఇరవై ఏళ్ల కంటి కంటే రెండు మూడు రెట్లు వెలుతురు కావాలి. అందుకని ఆ గదికి కిటికీ మూడడుగులది చాలదు, ఆరడుగులది పెట్టించండి. బల్ల ఆ కిటికీ కిందే వెయ్యండి. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంటే వేసవి మధ్యాహ్నపు ఎండ ఆగుతుంది. జూన్ సాయంత్రాలు వాయవ్యం నుంచి ఏటవాలుగా పడే ఎండకు ఒక వెదురు తడక వేలాడదీస్తే సరిపోతుంది.

ఉత్తరంతో ఒక చిక్కు మాత్రం ఉంది, ముందే చెప్పాలి. మన రెండు జిల్లాలకూ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జల్లు కొట్టేది తూర్పు, ఉత్తరం గోడల మీదే. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందే, దానికి ముందు రోజంతా మా ఇంటి ఉత్తరపు కిటికీ రెక్కల సందుల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. గుడ్డలు పెట్టి పిండుకున్నాం. కాబట్టి కిటికీ కింది గట్టు బయటికి వాలుగా ఉండేటట్టు కట్టించండి. కిటికీ కింద ప్లగ్గులు వద్దు. పనిముట్ల అలమర ఉత్తరపు గోడకు కాకుండా ఎదురుగా, లోపలి గోడకు పెట్టుకోండి. సముద్రం మీకు దగ్గర, ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. ఉలులు, రంపాలు పని అయ్యాక తుడిచి కుట్టు మిషను నూనె పల్చగా రాయండి. ఇంట్లో ఆ నూనె ఎలాగూ ఉంటుంది కదా.

మీ ప్లానులో వాయవ్యాన బాత్‌రూం గీశారు. దాన్ని అక్కడే ఉంచండి. మీ పని గదికి పడమటి వేడి తగలకుండా అదే అడ్డు. ఆ గది 12 అడుగులు, 11 అడుగులు ఉంది, సరిపోతుంది. ఎనిమిది అడుగుల పలకను రంపం మీద తొయ్యాలంటే ముందు ఎనిమిది, వెనక ఎనిమిది అడుగులు కావాలి, ఏ గదిలోనూ అంత చోటు దొరకదు. అందుకే మిషను కింద చక్రాలు పెట్టించి, పొడుగు పలక కోసేటప్పుడు దాన్ని తలుపుకు ఎదురుగా జరిపి, తెరిచిన తలుపులోంచి పలకను సందులోకి తోసుకోండి. ఆ తలుపు నాలుగడుగుల వెడల్పు, రెండు రెక్కలు ఉండాలి. ఉత్తరం సందు ఆరడుగులైనా వదలండి. ప్లానులో నాలుగే ఉంది.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆమె భయం నూటికి నూరు పాళ్లు న్యాయమైంది. చిత్రిక పట్టిన పొట్టు, ఉలి కొట్టిన పేళ్లు కిందపడతాయి, ఊడిస్తే పోతాయి. ప్రమాదం వాటితో కాదు. మిషను రంపం, లేత్, శాండ్ పేపర్ లేపే మెత్తటి ధూళితో. అది కంటికి కనపడకుండా గంటల తరబడి గాలిలో తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. ఏళ్ల తరబడి ఆ ధూళి పీల్చిన కార్మికుల ముక్కు లోపలి భాగాల్లో అది కనపడింది. మీరు రోజుకు రెండు గంటలు చేసే పనికి అంత భయపడనక్కర్లేదు గానీ, ఆయాసం ఉన్న మనిషి పక్క గదిలో ఉన్నప్పుడు అజాగ్రత్త తగదు. మీరూ ఎన్ 95 మాస్కు లేకుండా మిషను ఆన్ చెయ్యకండి.

అందుకే హాల్లోకి తలుపు వద్దంటున్నాను. తలుపు ఎంత గట్టిగా వేసినా రోజుకు పదిసార్లు తెరుస్తాం, ధూళి మన పంచెతోనే లోపలికి వస్తుంది. బయటి తలుపు దగ్గర ఒక కొళాయి, పాత చొక్కా తగిలించుకోవడానికి ఒక కొక్కెం పెట్టుకోండి. చొక్కా మార్చుకుని, కాళ్లూ చేతులూ ముఖం కడుక్కుని ముందు వరండాలోంచి ఇంట్లోకి రండి. పన్నెండు అడుగుల నడక, అంతే.

తలుపు లేకపోతే ఆమెకు మీరు, మీకు ఆమె కనపడరే అంటారేమో. ఆ గదికీ భోజనాల హాలుకీ మధ్య గోడలో రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అద్దం బిగించండి. తెరుచుకునేది కాదు, గట్టిగా బిగించినది. అంచుల చుట్టూ సిలికాన్ పట్టించాలి. ఈ అద్దం నేను నా ఇంట్లో పెట్టుకోలేకపోయాను, ఆలోచన వచ్చేసరికి గోడలు లేచిపోయాయి. తర్వాత ముగ్గురికి చెప్పి పెట్టించాను. మీరు బల్ల మీదికి వంగి ఉన్నారో, కుర్చీలో వాలిపోయారో ఇవతల నుంచి ఒక్క చూపులో తెలుస్తుంది. చేతికందేలా బల్ల అంచున ఒక బెల్లు స్విచ్ పెట్టండి, బెల్లు హాల్లో మోగాలి.

మాస్టారూ, ఒక మాట అడగనివ్వండి. మీ గది కోసం మూడు చోట్లు ఆలోచించి రాశారు. ఆమె కుట్టు మిషను ఎక్కడ పెట్టాలో మీ లేఖలో లేదు, ప్లానులోనూ లేదు. ఇల్లు మీ ఇద్దరిదీ కదా. నా సలహా అయితే ఆ అద్దం ఇవతల, భోజనాల హాల్లో ఆమెకు మిషను చోటు ఇవ్వండి. ప్లాను ప్రకారం హాల్లో ఆ భాగానికి కిటికీ లేదు. ముందు వరండా వైపు గోడలో నాలుగడుగుల కిటికీ ఒకటి తీయించండి, తూర్పు వెలుతురు ఆమె ఎడమ భుజం మీదుగా సూది దగ్గర పడుతుంది. పక్కన బట్టలకు ఒక అలమర, మోకాలికి తగలని స్టూలు. ఇది ఆమెను అడిగి చెయ్యండి. ఆమెకు ఇంకో చోటు నచ్చితే అక్కడే. కానీ మేస్త్రీ ముగ్గు పొయ్యకముందే అడగండి.

ఈ గది మీద ఇంకొక బాధ్యత పెడుతున్నాను. పది పదిహేనేళ్లకు మీ ఇద్దరిలో ఎవరికైనా మంచం తప్పకపోవచ్చు, లేదా సాయానికి ఒక మనిషిని ఇంట్లో పెట్టుకోవాల్సి రావచ్చు. అప్పుడు ఇదే బెడ్‌రూం కావాలి. అందుకని హాలు గోడలో మూడున్నర అడుగుల తలుపుకు సరిపోయేలా ఇప్పుడే లింటల్ (తలుపు పైన గోడ బరువు మోసే దూలం) వేయించి, కింద ఇటుకతో మూసేయండి. బాత్‌రూం వైపూ అంతే. కావాల్సిన రోజు ఇటుకలు తీసి తలుపు బిగించడం రెండు రోజుల పని. లింటల్ లేకుండా తర్వాత గోడ పగలగొట్టాలంటే ఇల్లంతా ధూళి, పైగా పగుళ్లు.

చక్రాల కుర్చీ దారి కూడా ఇప్పుడే ఆలోచించాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి. మీది రెండడుగుల పునాది ఎత్తు, అంటే 24 అడుగుల ర్యాంపు. చాలామంది ముందు గేటు దగ్గర ఆరడుగుల్లో నిట్టనిలువుగా పోసి ర్యాంపు అంటారు, దాని మీద స్కూటరు ఎక్కుతుంది గానీ కుర్చీ ఎక్కదు. మీ అదృష్టం, లోపలికి 54 అడుగులు పొడుగుంది. ఉత్తరం సందులో ప్రహరీ వెంట మూడడుగుల వెడల్పున పోసుకుంటే చక్కగా పడుతుంది. ఆ దారినే ఇప్పుడు దుంగలూ వస్తాయి.

నేలకు గ్రానైట్ వేయిస్తానని రాశారు. చీమకుర్తి రాయి మా జిల్లా గర్వం, హాల్లో వేసుకోండి. పని గదిలో మాత్రం పాలిష్ రాయి ఏదీ వద్దు. సన్నటి చెక్క ధూళి దాని మీద పడితే ముగ్గుపిండి మీద కాలు వేసినట్టే ఉంటుంది. పాలిష్ లేని నాపరాళ్లు పరిపించండి. ఉలి జారి పడినా దానికీ దెబ్బ తక్కువ.

కరెంటు సంగతి ఎలక్ట్రీషియన్‌కు వదిలెయ్యకండి. ఆ గదికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను రావాలి, మిషన్ల ప్లగ్గులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. తడి చేత్తో షాకు తగిలితే ప్రాణం కాపాడేది అదే. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయేలా తలుపు దగ్గర ఒక స్విచ్ ఉంచండి. చెదల మందు పునాది పూడ్చకముందే మట్టికి పట్టించాలి. చెక్క దాచుకునే ఇంట్లో అది మర్చిపోతే తర్వాత ఎన్ని మందులు కొట్టినా అవి దారి వెతుక్కుంటాయి.

వాస్తు అడిగారు. ఈశాన్యంలో బరువు వద్దంటారు, అక్కడ మీ వరండా ఉంది. నైరుతిలో బరువు మంచిదంటారు, మీ దుంగల దొంతర పెరట్లో ఆ మూలే పెట్టండి. పైన చిన్న రేకు, కింద ఇటుకలు, మధ్య మధ్య బద్దలు వేసి గాలి ఆడేలా పేర్చాలి. పచ్చి చెక్క అంగుళం మందానికి సుమారు ఏడాది ఆరాలని వడ్రంగుల లెక్క. నర్ది, బిక్కి లాంటి ఉదయగిరి చెక్కలు తెచ్చుకుంటానని రాశారు. అడవి నుంచి వచ్చిన చెక్క ఎక్కడిదో కనుక్కుని, బిల్లు ఉన్నదే కొనండి. ఉత్తరం మధ్యలో గదికి ఏ శాస్త్రంలోనూ నాకు అభ్యంతరం కనపడలేదు.

చప్పుడు గురించి మీరు అడగలేదు, నేను చెబుతాను. ఉత్తరం వైపు మీ పక్కింటి వాళ్లు ఇంకా ఇల్లు కట్టలేదన్నారు. రేపు కడతారు. వాళ్ల పడకగది కిటికీ మీ సందులోకే రావచ్చు. మిషను పని పొద్దున పది నుంచి పన్నెండు దాకా పెట్టుకోండి, మధ్యాహ్నాలు ఉలి, ఆకురాయి పని. సాయంత్రం సముద్రపు గాలి తూర్పు నుంచి తిరిగాక ధూళి లేపే పని ఏదీ వద్దు.

ప్రశ్న: ఒంగోల్లో రెండు బెడ్‌రూంల ఫ్లాటులో ఉంటున్నాం. బ్యాంకు నుంచి రిటైరయ్యాక ముప్ఫై ఏళ్ల కిందట వదిలేసిన వీణ మళ్లీ తీశాను. రెండో బెడ్‌రూంలో తలుపులు మూసుకుని సాధన చేస్తున్నాను, మా వారికి ఇబ్బంది కాకూడదని. బాల్కనీ మూయించి సంగీతం గది చేసుకోవచ్చా?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, బాల్కనీ మూయించకండి. ఫ్లాటులో గాలి వచ్చే దారి అదొక్కటే. ఎండ, తేమ పడితే వీణ చెక్కకూ, తీగల కింది మెట్లు నిలిపిన మైనానికీ మంచిది కాదు. మన వేసవిలో ఆ మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, అది మీకు నాకంటే బాగా తెలుసు.

రెండో బెడ్‌రూమే ఉంచుకోండి. మంచం తీసేసి, బట్టల అలమర పక్క ఫ్లాటు గోడ వైపుకు జరపండి. గుడ్డలు నిండిన అలమర చప్పుడును బాగా తాగుతుంది. కిటికీకి మందపాటి తెర, కింద జంపఖానా వేస్తే గదిలో మోత తగ్గుతుంది. నేల మీద కూర్చుని లేవడం కష్టంగా ఉందని ఉత్తరం చివర రాశారు. పదహారు, పద్దెనిమిది అంగుళాల ఎత్తున, నాలుగడుగుల వెడల్పున ఒక చెక్క దివాను చేయించండి. దాని మీద బాసింపట్టు వేసుకోవచ్చు, లేచేటప్పుడు కాళ్లు కిందికి దించి లేవచ్చు. లేవడానికి పట్టుకునేందుకు గోడకు ఒక కడ్డీ బిగించండి.

మీ వారికి ఇబ్బంది అని మీరు అనుకుంటున్నారు. ఆయన అన్నారా? ఒకసారి తలుపు తీసి వాయించి, ఆయన్నే అడగండి.